చీర కొంగు లాగితే చాలు

సోమవారం, చింతామణి

పక్క వీధి మునిరత్నమ్మ ఈరోజు మా అంగన్‌వాడీకి వచ్చి, కొడుకు పేరు తీసేయమంది. కాన్వెంటులో చేర్చిందట.

"ఆడ పేజీ నిండా ఏబీసీడీలు రాయిస్తాండారు. మావాడు ఇంకా పాటలే పాడతాండాడు" అంది.

"ఆ వయసుకు పాటలే మేలమ్మా" అన్నాను.

"మరి మీ పాప యాడ చదువుతాండాది టీచరమ్మా?"

తెలుసుకోవాలనే అడిగింది, పాపం. నేను రిజిస్టరు తెరిచి వాడి పేరు కొట్టేశాను. మా చిన్ని చదివేదీ ఆ కాన్వెంటులోనే, ఎల్‌కేజీ.

సాయంత్రం చిన్ని వ్యాన్ దిగితే గౌను తడిసి ఉంది. ఒంటికి వెళ్తానని మిస్సును అడగలేదా అంటే, "ఇంగ్లీషులో అడగాలంటమ్మా, నాకు రాలేదు" అంది. అన్నం బెల్లు కొట్టినప్పటి నుంచి ఆ తడి గౌనుతోనే కూర్చుందట.

నా దగ్గర పిల్లలు ఏ భాషలోనూ అడగక్కర్లేదు. వచ్చి చీర కొంగు లాగితే చాలు, గుడ్లు వలుస్తున్నా వదిలేసి లేస్తాను. ఊరి పిల్లలందరికీ అందే కొంగు నా బిడ్డకే అందకుండా చేశాను.

స్నానం చేయించి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. రేపటి నుంచి నా దగ్గరికే వచ్చేయమని చెబుదామనే. చెప్పలేదు. మిస్సును అడగాల్సిన ఆ ఇంగ్లీషు వాక్యాన్ని పదిసార్లు పలికించాను. తప్పు లేకుండా వచ్చాక ముద్దు పెట్టుకున్నాను.