ఆఖరి బుట్ట దగ్గరి కాకి

కోరుట్ల,
ఆదివారం పొద్దున.

చి.ల.సౌ. సుమిత్రకు, జలపతి రావు దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, బర్రే క్షేమం. సిరిసిల్లలో నువ్వూ, జ్యోత్స్నా, పసిపిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మన బిడ్డ జ్యోత్స్న ఫోను స్పీకరులో పెడుతుంది. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన మాట.

షుగరు గోళీలు వేసుకుంటున్నావా అని అడిగావు. గుర్తున్న రోజు వేసుకుంటున్నాను. డిస్క్ గోల్ఫ్ పోటీలు ఎట్లా జరిగాయన్నావు. నవ్వుకు కొదువ లేదు. జగిత్యాల మామిడితోటలో అరవై దాటినవాళ్ళమంతా ఇనుప గొలుసులు వేలాడే బుట్టల్లోకి ప్లాస్టిక్ డిస్కులు విసురుతుంటే, తోట కావలి సమ్మవ్వ, "ఏంది సారూ, పెండ్లి భోజనాలు కాకముందే పల్లాలు ఇసురుతుండ్రు" అంది. ఎల్లేశం విసిరితే డిస్క్ కంటే ముందు కట్టుడు పళ్ళు పోయి బుట్ట దగ్గర పడ్డాయి. "గదే లెక్కవెట్టుండ్రి" అన్నాడు.

ఆఖరి బుట్ట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు, ఎవరూ ఇంకా విసరలేదు. అయినా గొలుసులు గలగలమన్నాయి. బుట్ట అంచున ఒక కాకి కూర్చుని నన్నే చూస్తోంది.

"రాజేశం సార్ ఏసినట్టున్నడు" అన్నాడు ఎల్లేశం. మొన్న ఎండాకాలంలో పోయిన మన రాజేశం, పోయినేడు ఇదే బుట్ట దగ్గర ఒక్క విసురు తేడాతో నా చేతిలో ఓడినవాడు. అందరూ నవ్వారు. నేను విసిరిన మూడు డిస్కులూ కంచె అవతల ఒకే చోట పడ్డాయి. ప్రతిసారీ ఆ కాకి నాకంటే ముందే వెళ్ళి అక్కడ వాలింది. అందరిలో ఆఖరివాణ్ణి నేనే.

ఆ చోటు నాకు తెలుసు సుమిత్రా. పోయినేడు నా డిస్క్ అక్కడే పడింది. కంచె దాటితే ఒక విసురు దండుగ. ఎవరూ చూడలేదనుకుని కంచె కింది నుంచి కాలితో ఇవతలికి లాగాను. తలెత్తితే రాజేశం చూస్తున్నాడు. అయినా నేను కప్పు అందుకుంటుంటే చప్పట్లు కూడా కొట్టాడు.

వాడు పోయిన మూడోరోజున పిట్టకు విస్తరి పెడితే ఏ కాకీ ఎంతకీ ముట్టలేదు, గుర్తుందా? మాంసం పెట్టారు, కల్లు పోశారు, వాడి భార్య వసంత ఏడ్చి ఏడ్చి మొక్కింది. అందరూ కాస్త జరిగినప్పుడు నేను విస్తరి మీదికి వంగి, "కప్పు నీదే రాజేశం, తెచ్చి మీ ఇంట్ల పెడ్త" అన్నాను. మాట పూర్తికాకముందే కాకి వాలింది. వసంత మొక్కు వల్లనే అనుకున్నారంతా. నేను సిగ్గుతో కప్పును ఇంట్లోనే ఉంచుకున్నాను. అల్లుడి వాళ్ళకు చూపిస్తానని నువ్వు కప్పును సిరిసిల్ల తీసుకుపోతుంటే కూడా నోరు రాలేదు.

ఇక నువ్వు ఫోనులో చివరగా అన్న మాట. కప్పు పెట్టిన కిటికీ అద్దాన్ని రోజూ పొద్దున ఒక కాకి పొడుస్తోందని, చుట్టాలెవరైనా వస్తారా అని అడిగావు. చుట్టాలెవరూ రారు. దాన్ని తోలకు. గురువారం నేనే వచ్చి కప్పు తీసుకుపోయి, వసంత చేతిలో పెట్టి, జరిగింది చెప్తాను. అందాకా కప్పును పసిపిల్ల ఉన్న గదిలో ఉంచకు.

రాజేశం ఎవరికీ కీడు తలపెట్టేవాడు కాదు. కానీ వాడు ఓపిక పట్టి ఏడాదయింది.

ఇట్లు,
కప్పు గెలవని నీ భర్త,
జలపతి రావు