కౌజు కూత

నాయనా అయూబ్, నీకు అత్త దువా, దీవెనలు.

శుక్రవారం నువ్వూ షార్జా నుంచి మా ఫుజైరా కొండలకు కౌజుల వేటకొస్తున్నావని తెలిసి నాకు అన్నం సయించలేదు. రావద్దంటే వినవు. వస్తే ఎర్రచొక్కా తొడుక్కో. పెద్ద బండకు వీపు ఆనించి కూర్చో. ఇంకో వేటగాడు కనబడితే చెయ్యి ఊపకు, "భాయ్, ఇక్కడ మనిషున్నాడు" అని గట్టిగా అరువు. మన నెల్లూరులో మాదిరి పొదలో దాక్కుని కౌజులా మాత్రం కూయొద్దు.

నా కొడుకు యాసీన్ ఈ కొండల్లోనే అట్లా కూస్తుంటేనే గదా, ఎవరో ఆ కూతకేసి తుపాకీ పేల్చింది. ఆసుపత్రిలో ఆ మనిషి నా కాళ్ళమీద పడ్డాడు. "కౌజే అనుకున్నానమ్మా. మనిషి అట్లా కూస్తాడా?" అని ఏడ్చాడు.

కూస్తాడు నాయనా. నా బిడ్డ కూస్తే పిట్టలే బదులు పలికేవి.

మీ అత్త