కట్టు కోసినందుకు

యాదగిరన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సాయంత్రం నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచాను.

మన ఛత్రినాక ఆసుపత్రిలో ఇవాళ ఎముకలు, కీళ్ల వైద్యం మీద క్లాసు పెట్టారు. డాక్టర్లు, నర్సులు, నాలాంటి ఫిజియోథెరపీవాళ్లు, నీలా సిమెంటు కట్లు వేసేవాళ్లు, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. "కట్టు మరీ బిగుసుకుంటే మీరేం చేస్తరు?" అని కొత్త డాక్టరుగారు అడిగారు. నేను లేచి నీ సంగతి చెప్పాను.

ఆటో నడిపే పాషా కాలివేళ్లు నల్లబడ్డ రోజు నువ్వు నన్ను పిలిచి చూపించావు. "ఇంక పెద్దసారు కోసం ఆగుడేంది మేడం? కాలు పోతది" అంటూ నువ్వే కట్టు కోసేశావు. పాషా కాలు దక్కింది. పెద్దడాక్టరుని అడగకుండా కోసినందుకు నీ ఉద్యోగం పోయింది. ఆ వేళ్లు నేనూ చూశానని విచారణలో నోరు విప్పి చెప్పలేదు. ఇవాళ అదీ చెప్పేశాను, అందరి ముందూ.

డాక్టరుగారు నెమ్మదిగా, "రేపటి క్లాసుకు ఆయన్ని పిలుద్దాం మేడం. మాకు ఆయనే చెప్పాలె" అన్నారు.

నువ్వు లేవన్న మాట నా నోట రాలేదు.

"అడిగి చూస్తాను సార్" అన్నాను.