చల్లారిన ఇస్త్రీపెట్టె

వదినా,

మీ తమ్ముడు మెట్ల మీంచి జారిపడలేదు. ఆయన తల పగలగొట్టింది నేనే, చల్లారిన ఇస్త్రీపెట్టెతో.

రొమ్ము గడ్డకట్టి, జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. బాబుకి పాలిస్తున్నానని ముందే చెప్పాను. "అందుకే చూసి రాస్తున్నానమ్మా. ఈ యాంటీబయాటిక్‌తో బిడ్డకి భయం లేదు. విరేచనాలైతే నాకు చెప్పు. పాలు మాన్పించకు, మాత్రలు మధ్యలో ఆపకు" అంది.

మీ తమ్ముడు వింటేగా! "నా కొడుక్కి విషం తాగిస్తావా?" అంటూ మాత్రలన్నీ మురుక్కాలవలో పారేశాడు. పాలు తాగుతున్న పసివాణ్ని రొమ్ము నుంచి గుంజేశాడు. అడ్డం వెళితే జుట్టు పట్టుకుని నా తల గోడకేసి బాదాడు. వాచిన రొమ్ము మీదే గుద్దాడు. అప్పుడు నా చేతికి ఇస్త్రీపెట్టె అందింది.

ఇప్పుడు నేనూ బాబూ నేను పనిచేసే టైలరింగ్ షాపు ఓనరమ్మ ఇంట్లో ఉన్నాం. మాత్రలు మళ్లీ కొనుక్కుని వేసుకుంటున్నాను. వాడు కడుపునిండా తాగి నిద్రపోతున్నాడు. వాడి బట్టలు పంపించండి, రాజీ మాటలు మాత్రం పంపకండి.

కుట్లకి చీము పట్టకుండా ఆయనకీ అవే మాత్రలు రాశారట. మధ్యలో ఆపొద్దని మీరైనా చెప్పండి. నేను చెబితే వినడు.

మీ మరదలు