ట్వీటర్లు మోగడం లేదు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కోపంతో రాస్తున్నా వాటికి లోటు లేదు. ఫోను చేయక ఉత్తరమేమిటని అడగకు. ఫోనులో నువ్వు గొణుగుతావు. ఈ మధ్య అందరూ నోట్లోనే మాట్లాడుకుంటున్నారు.

మీ అక్క పోయాక కారు కదల్లేదు. బ్యాటరీ చచ్చిపోతే కొత్తది వేయించాను. రేడియో మాత్రం గడియారంతో సహా అన్నీ మరిచిపోయి, అప్పుడే పుట్టినట్టు కూర్చుంది. పాట పెడితే ఎవరో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. ఆ మాట నీతో అనడమే పొరపాటు. "స్పీకర్లు ముసలివైపోయాయి బావా, కొత్తవి పంపిస్తా" అన్నావు. పంపావు. అక్కడితో ఊరుకోవచ్చుగా? "అద్దాల పక్కన కారుతో వచ్చిన బుల్లి ట్వీటర్లున్నాయి, వాటిని పీకకు. డోర్లలో కొత్త స్పీకర్లు పెట్టి రెండూ కలిపి మోగించు. ఇది బొంగురు గొంతు, అది సన్న గొంతు, రెండూ కలిస్తేనే పాట" అని పాఠం కూడా చెప్పావు. బట్టల కొట్టు నడిపేవాడివి నువ్వు. ఉద్యోగమంతా కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి నేను.

సరే, నీ మాటే విన్నాను. డోరు అట్ట ఊడదీస్తే సగం క్లిప్పులు విరిగాయి. కొత్త స్పీకరు ప్లగ్గు పాత దాంట్లో దూరదు. వైర్లు కోసి, ఒకే జత నుంచి స్పీకరుకొక పాయ, ట్వీటరుకొక పాయ తీశాను. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు. ట్వీటరు మెడ దగ్గరున్న కెపాసిటరును కదపలేదు. లావు శబ్దాలను ఆపేది అదే, లేకపోతే ట్వీటరు మాడిపోతుంది. అంతా శాస్త్రప్రకారం ఉంది. డోరు స్పీకర్లు దంచుతున్నాయి. ట్వీటర్లు మోగడం లేదు. చెవి ఆనించి విన్నాను. రెండూ మూగవే.

మీ అక్క వైపు డోరు జేబులో దూది ఉండలు దొరికాయి. కారెక్కగానే చెవుల్లో పెట్టుకునేది, ఏసీ గాలి పడదని. పారేద్దామని తీశాను. మళ్లీ అక్కడే పెట్టాను.

ట్వీటర్ల సంగతి వెంటనే రాయి.

విసిగిపోయిన
నీ బావ

*

బావమరిదికి,

ఆశీస్సులు, ఈసారి కొంచెం తక్కువ.

జాయింట్లు వదులయ్యాయేమో అన్నావు. విప్పి మళ్లీ అతికాను. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి చూడమన్నావు. చూశాను. మీటరు పెడితే ట్వీటరు దాకా కరెంటు వస్తోంది. మనిషి ఉన్నాడు, మాట లేదు. ఒళ్లు మండి కొత్త ట్వీటర్ల జత కొనితెచ్చి పెట్టాను. అవీ అంతే. కొట్టువాడు తన దగ్గర మోగించి చూపించే ఇచ్చాడు. "మోగుతోందిగా సార్!" అన్నాడు. ఆ సంతలో ఎవరికేం వినపడుతుంది? తలూపి వచ్చేశాను.

ఇక రెండో సంగతి. ఆదివారం వచ్చి, బెల్లు కొట్టి కొట్టి, ఫోను చేసినా ఎత్తకపోతే వెళ్లిపోయానని రాశావు. ఆదివారం నేను ఇల్లు కదల్లేదు. నువ్వొస్తావని రెండు కప్పులు కడిగి పెట్టుకుని వంటింట్లోనే కూర్చున్నాను. ఆ పిట్ట కూత బెల్లు నువ్వు తెచ్చి బిగించిందే. కూస్తే తెలియదా నాకు? రాలేకపోయానని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మీ అక్క ఉండగా వారం వారం వచ్చేవాడివి. ఇప్పుడు అందరికీ మా గడప ఎత్తయిపోయింది. నీ ఒక్కడి మీదే నిష్ఠూరం కాదు. కానీ అబద్ధమాడింది నువ్వొక్కడివే.

కారు అమ్మేస్తున్నాను. ఆ కారులో పాట పెడితే ఆవిడ లేదని తెలుస్తోంది. అంతకన్నా వివరంగా రాయలేను. శనివారం ఎవరో భార్యాభర్తలు చూడ్డానికి వస్తున్నారు. నీ స్పీకర్లు పీకి పార్సెల్ చేస్తాను. నువ్వు రానక్కర్లేదు.

బావ

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కిందటి ఉత్తరంలో తగ్గించినవి కూడా కలిపి.

ట్వీటర్లు మోగుతున్నాయట. మొదటి నుంచీ మోగుతూనే ఉన్నాయట.

వచ్చినావిడ పళ్ల డాక్టరు. మీ అక్క సీట్లో కూర్చుంది, మొగుడు వెనక. "పాటలు వస్తాయా అంకుల్?" అంది. సగమే వస్తాయనీ, ట్వీటర్లు పనిచేయవనీ ముందే చెప్పి, పాట పెట్టాను. వెంటనే రెండు చెవులూ మూసుకుంది.

"అమ్మో, తగ్గించండి! చిల్లులు పడుతున్నాయి!"

"కొత్త డోరు స్పీకర్లమ్మా, కాస్త దంచుతాయి."

"డోరువి కాదండీ, ఇదిగో ఈ బుల్లిది! సూదులు గుచ్చుతోంది."

"నాకు బానే ఉందే" అన్నాడు వెనక నుంచి మొగుడు.

"నీకు నా మాటే వినపడదు, ఇదేం వినపడుతుంది?"

నేను నమ్మలేదు. ఆమెను అటు తిరిగి కూర్చోమని, ట్వీటరు మీద అరచెయ్యి మూస్తూ తెరుస్తూ పోయాను. మూసినప్పుడల్లా "ఆగింది" అంది, తీసినప్పుడల్లా "మోగింది" అంది. ఒక్కసారీ తప్పలేదు. నాకు మాత్రం మూసినా తీసినా ఒకటే. "కారు కొందామని వచ్చామా, దాగుడుమూతలు ఆడదామని వచ్చామా?" అని మొగుడు విసుక్కున్నాడు. అప్పటికే ఆమె నా మొహం చూసింది. "ఒకసారి చెవులు చూపించుకోండి అంకుల్" అని నెమ్మదిగా అంది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

వాళ్లు వెళ్లాక కారులోనే కూర్చుండిపోయాను. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జుల దాకా వింటుందని ఏటేటా బోర్డు మీద రాసినవాణ్ణి. నా చెవి ఎక్కడ ఆగిపోయిందో చూసుకోలేదు. రేడియోలో వెతికితే, సన్న గొంతు పెంచే ట్రెబుల్ మీట సున్నా దగ్గరుంది. బ్యాటరీ పోయినప్పుడు గడియారంతో పాటు అదీ మరిచిపోయింది. చివరిదాకా పెంచాను. దుప్పటి తొలగింది. అది మీ అక్క ఉన్నప్పటి పాటే.

ఆ మీట నేనెప్పుడూ ముట్టుకోలేదు. నేను రోడ్డు చూసేవాణ్ణి, రేడియో ఆవిడది.

ఇప్పుడు దూది సంగతి. కిటికీలు దించుకుని, ఏసీ లేకుండా వెళ్లిన రోజుల్లో కూడా ఆవిడ చెవుల్లో దూది ఉండేది. నా కోసం సన్న గొంతు చివరిదాకా పెంచి, తను దూది పెట్టుకుని, దారి పొడుగునా పక్కన కూర్చునేది. ఒక్కనాడూ మీకు వినపడటం లేదని నాతో అనలేదు. ఇంట్లోనూ అంతే. "ఎవరో వచ్చినట్టున్నారు, చూడండి" అనేది. "మీ ఫోనేమో" అనేది. నేను వెళ్లి తలుపు తీసేవాణ్ణి, నేనే విన్నట్టు.

కారు అమ్మడం లేదు. నీ స్పీకర్లు నీకు రావు.

ఆదివారం నువ్వు వచ్చే ఉంటావు. బెల్లూ కొట్టే ఉంటావు. ఈ ఆదివారం మళ్లీ రా. బెల్లు నమ్ముకోకు, తలుపు బాదు. కారులో అలా వెళ్లొద్దాం. పాట మాత్రం నా కొలతలోనే ఉంటుంది, కాబట్టి నీ దూది నువ్వు తెచ్చుకో. డోరు జేబులో ఉన్నది మీ అక్కది.

నీ
చెవిటి బావ