కవరులో పెట్టని కబురు

తమ్ముడికి అక్క దీవెనలు. నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

పోయిన మంగళవారం ఆస్పత్రిలో సన్నటి గొట్టంతో నా పెద్దపేగు చూశారు. ముందురోజు తాగించిన మందునీళ్ల పుణ్యమా అని మరుగుదొడ్డికీ కుట్టుమిషనుకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది, ఒక్క గుండీ కుట్టలేదు. పరీక్ష మాత్రం మత్తులోనే అయిపోయింది. శనగగింజంత బుడిపెలు రెండుంటే అక్కడికక్కడే తీసేశారు. "వదిలేస్తే ముందుముందు కేన్సరయ్యేవేమోనమ్మా" అంది డాక్టరమ్మ. నాన్న సంగతి చెబితే, "అయితే మీ తోడబుట్టినవాళ్లూ చూపించుకోవాలి" అంది.

నీకు విరేచనంలో రక్తం పడుతోందని మరదలు రాసింది. మొలలేలెమ్మని కొట్టిపారేశావట. నాన్నా ఆ మాటే అంటూ రెండేళ్లు లేపనం రాసుకుని, చివరికి మనకి దక్కకుండా పోయాడు.

నా పెద్ద కత్తెర సాన పట్టించావా? అది పట్టుకుని నువ్వే రా, పరీక్ష ఇక్కడే చేయిద్దాం. మరదలి కొలతలు కూడా తీసుకురా. పిల్లలకి ముద్దులు.

కవరులో పెడితే చదివి జేబులో దాచేస్తావని కార్డు మీద రాశాను. పోస్టుమాన్ గారూ, మీరు చదువుతున్నారని నాకు తెలుసు. మావాడు బండెక్కేదాకా రోజూ ఆ గుమ్మం ముందు ఆగి, "ఇంకా బయల్దేరలేదా?" అని నలుగురికీ వినబడేలా అడగండి.