గోడ మీది అద్దం

పోశెట్టి బావా,

కుక్కర్ల అన్నం ఉంది, పప్పు వేడి చేస్కో. గోడ మీది అద్దం దేవులాడకు, దవాఖానకు నేనే తీస్కపోతున్న. ఎముక అతికినా కుడిచెయ్యి నరాలు ఇంకా విరిగిందనే అనుకుంటున్నయట, అందుకే దుప్పటి తాకినా మండుతుంది. ఎడమచెయ్యిని అద్దంల చూస్కుంట ఆడిస్తే, కుడిదే ఆడుతుందని మెదడు నమ్ముతదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వేమో అద్దం ముంగట సోకు చేస్తున్ననని రూమంత నవ్విచ్చినవ్. పని ఎగ్గొట్టెతందుకు నాటకమాడుతున్నడని మన పనులు చూసే ముదీర్‌కు చెప్పింది గూడ నువ్వేనట. ఇప్పుడాయన నన్ను గల్ఫు నుంచి ఊరికి తోలిస్తనంటుండు.

బస్సోడు యల్లా యల్లా అని మొత్తుకుంటుండు, పోతున్న.

రాజేశం

మీ చెల్లె ఫోన్ చేస్తే నా చెయ్యి మంచిగైందని చెప్పు. నీ మాట ముదీరే నమ్మిండు, ఆమె నమ్మదా?